గోదావరి మళ్ళింపు: ఒప్పందములలో చోటు లేనివారు

2015వ సంవత్సరపు వర్షాకాలమున పోలవరమునకు దిగువన పట్టిసీమ యొద్ద పంపులు గోదావరి నీటిని ఎత్తి కుడి కాలువలో పోయగా, ఆ నీరు మెట్టసీమల మీదుగా, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులను దాటుకొని, 174 కిలోమీటర్ల దారి నడచి ఇబ్రహీంపట్నము చెంత కృష్ణలో కలిసినది. ఆ తావునకు పవిత్ర సంగమమని పేరు పెట్టిరి. మరుసటి యేటి కృష్ణా పుష్కరములలో అచ్చట లక్షల జనము స్నానములు చేసిరి. ఆ సంతోషమును తక్కువ చేసి మాటలాడుట న్యాయము కాదు. బచావత్ ట్రిబ్యునలు కృష్ణా డెల్టాకు 181.20 టి.ఎం.సి.ల నీటిని నిర్ణయించి యుండినను, ఎగువ జలాశయములు నిండిన పిమ్మటగాని ప్రకాశం బ్యారేజికి ప్రవాహము చేరని స్థితి ఏర్పడి, జూన్‌లో పోయవలసిన నారు ఆగస్టునకు జరిగి, పంట కోతకు వచ్చు వేళకు నవంబరు తుపానుల పాలగుచుండగా, వేళకు వచ్చిన గోదావరి నీరు ఎంతటి ఊరటయో డెల్టాలో సార్వా సేద్యము చేసినవారిని ఎవరిని అడిగినను చెప్పుదురు.

అయితే ఒక నదీ పరీవాహము నుండి మరియొక పరీవాహమునకు నీటిని మళ్ళించుట అను కార్యమును అది చేరిన కొసన నిలిచి మాత్రమే చూచినచో సగము కథయే తెలియును. నీటిని పట్టుటకు ఎవరి ఊళ్ళు మునిగినవి, ఆ నీరు పోవలసి యుండియు పోని చోట ఏమి క్షీణించినది, ఒప్పందములు వ్రాసికొనిన పెద్దలు వారిలో ఎవరిని సంప్రదించిరి అను ప్రశ్నలకు సమాధానము వెదకనిదే మళ్ళింపు మంచిచెడ్డలు తేలవు. 80 టి.ఎం.సి.ల మాట 200 టి.ఎం.సి.లకు పెరిగి, కృష్ణను దాటించి పెన్నకు, పెన్నను దాటించి కావేరికి గోదావరిని కొనిపోవు ఆలోచనలు ప్రభుత్వముల పరిశీలనలో నున్న ఈ దినములలో ఆ ప్రశ్నలను వాయిదా వేయుటకు వీలు లేదు.

మళ్ళింపు మనకు కొత్త విద్య కాదు. తుంగభద్రపై సుంకేసుల యొద్ద ఆనకట్ట కట్టి, 1860 దశకమున మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు త్రవ్వించిన కర్నూలు–కడప కాలువ కృష్ణా పరీవాహపు నీటిని పెన్నా పరీవాహమునకు చేర్చినది. పడవలు నడచుటకును పంటలు పండుటకును ఉద్దేశింపబడిన ఆ కాలువ వలన కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చినది. కాని కె.సి. కెనాల్ ఆయకట్టున తరతరములుగా వరి పండించిన కుటుంబములకు అదియే జీవనాధారమైనది. 1895లో పెన్నీక్విక్ అను ఇంజనీరు పూర్తి చేసిన పెరియారు ఆనకట్ట, పడమటి సముద్రమునకు పోవు నదిని కొండ తొలిచిన సొరంగము గుండ మధుర సీమకు త్రిప్పినది. ఆ ప్రాంతపు రైతులు నేటికిని ఆయన చిత్రపటమునకు దండలు వేసి పూజింతురు. కావున మళ్ళింపు సర్వత్ర అనర్థహేతువని వాదించుట చరిత్రకు విరుద్ధము. అయితే ఆ చరిత్రలోనే మనవారు అంతగా తలచుకొనని ఘట్టము మరియొకటి కలదు.

పూనా సమీపమున, భీమకు ఉపనది యగు ములా నదిపై టాటా కంపెనీవారు ముల్షీ ఆనకట్టను కట్టి, తూర్పునకు పోవలసిన నీటిని సహ్యాద్రి అంచున పడమటికి జారవిడిచి బొంబాయికి విద్యుత్తు పుట్టింపదలచినప్పుడు, ముంపు గ్రామముల మావళీ రైతులు 1921లో సత్యాగ్రహమునకు దిగిరి. పాండురంగ మహదేవ బాపట్ గారికి సేనాపతి యను పేరు స్థిరపడినది ఆ పోరాటమునకు నాయకత్వము వహించుటచేతనే. పెద్ద ఆనకట్టల ముంపునకు ఎదురుగా మన దేశమున జరిగిన తొలి ఉద్యమములలో అది యొకటి, అది ఓడిపోయినది. తరువాత కోయినా జలాశయము వచ్చినది. ఈ రెండు మార్గములందును కలిపి కృష్ణా పరీవాహపు నీరు ఏటా నూరు టి.ఎం.సి.లకు పైగా కనుమలు దిగి పడమటికి పోవుటకు బచావత్ తీర్పున అనుమతి లభించినది. అనగా, నది తలయొద్ద విద్యుత్తు కొరకు నీటిని పరీవాహము దాటించి క్రిందికి వదలుచున్నాము. నది కొసన ఏర్పడిన లోటును పూడ్చుటకు విద్యుత్తు వెచ్చించి వేరొక నది నుండి నీటిని పైకి ఎత్తుచున్నాము. కృష్ణకు లోటు ప్రకృతి యొక్కతియే చేసినది కాదనియు, దానిలో కొంత మన నిర్ణయములు కల్పించినదే యనియు ఒప్పుకొననిదే గోదావరిని అడుగు హక్కు మనకు సంపూర్ణముగా సిద్ధింపదు.

ఈ మళ్ళింపు ఆలోచనలకు అఖిల భారత రూపము నిచ్చినవారు కంకిపాడున జన్మించి, దశాబ్దకాలము కేంద్రమున నీటిపారుదల మంత్రిగా నుండిన కె.ఎల్. రావు గారు. పాట్నా యొద్ద గంగ నుండి 60,000 క్యూసెక్కుల నీటిని ఏటికి 150 దినములు తీసి, 2,640 కిలోమీటర్ల మార్గమున కావేరి వరకు తేవలెనని 1972లో ఆయన ప్రతిపాదించిరి. ఆయన దేశాభిమానమును గాని సాంకేతిక ప్రతిభను గాని శంకింపవలసిన పని లేదు. కాని అంత నీటిని వింధ్యకు ఇవతలికి ఎత్తుటకు కావలసిన విద్యుత్తును, వ్యయమును లెక్కించి కేంద్ర జలసంఘమువారే వెనుకకు తగ్గిరి. అటుపై 1980 నాటి జాతీయ ప్రణాళికను అనుసరించి, 1982లో ఏర్పడిన జాతీయ జలాభివృద్ధి సంస్థ 30 సంధానములను గుర్తించినది. వానిలో మన ద్వీపకల్పమునకు సంబంధించిన గొలుసు ఇట్టిది: మహానది మిగులు గోదావరికి రావలెను, గోదావరి మిగులు కృష్ణకు, అచ్చటి నుండి పెన్నకు, కావేరికి పోవలెను. మహానదిలో మిగులు కలదని ఒడిశా ఒప్పుకొనలేదు. మణిభద్ర యొద్ద తలపెట్టిన ఆనకట్టకు సమ్మతింపలేదు. తమ ప్రాజెక్టుల వాటా తేలక మునుపు గోదావరిలో మిగులును లెక్కింపరాదని తెలంగాణము వాదించుచున్నది. ఇచ్చువాడు తనకు వెనుకనుండి వచ్చునన్న నమ్మకముతో ఈయవలసిన ఏర్పాటిది. ఆ వెనుకవాడు ఈయనని స్పష్టముగా చెప్పుచున్నాడు. మొదటి లంకె లేకయే మధ్య లంకెలను బిగించుచు పోయినచో గోదావరి కొసన బ్రతుకువారికి హామీ యేమి?

గోదావరి నుండి ఏటా సుమారు 3,000 టి.ఎం.సి.లు సముద్రము పాలగుచున్నవని తరచుగా వినుచున్నాము. సగటు సంఖ్యగా ఇది సత్యమునకు దూరము కాకపోవచ్చును. కాని నది సగటున ప్రవహింపదు. ఆ నీటిలో అత్యధిక భాగము జూలై మొదలు అక్టోబరు లోపల, అందును కొలది వారముల వరదలలో, ధవళేశ్వరము దాటిపోవును. అదే గోదావరి డెల్టాలో దాళ్వా పంట చివరి తడుల వేళకు నదిలో నీరు చాలక, సీలేరు విద్యుత్కేంద్రముల నుండి ఎన్ని క్యూసెక్కులు వదలెదరా యని రైతులును ఇంజనీర్లును ఎదురు చూచుచుందురు. ఏటి మొత్తమున మిగులు గల నదికి ఫిబ్రవరి, మార్చి నెలలలో కొరత కలదన్నమాట. మళ్ళింపు ప్రణాళికలలో వార్షిక సంఖ్యలు పెద్ద అక్షరములతోను, నెలవారీ సంఖ్యలు అనుబంధములలోను కనబడుట నాకు ఎప్పుడును కలవరము కలిగించును. ఏలయన చేపకును, మడచెట్టునకును, మడిలోని దుబ్బునకును సంవత్సరపు సగటుతో పని లేదు.

ఇంకొక చిక్కు కలదు. గోదావరికి వరద వచ్చు దినములలో కృష్ణకును తరచుగా వరద వచ్చును. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము పరీవాహముల హద్దులను ఎరుగదు. 2024 సెప్టెంబరు తొలి దినములలో ప్రకాశం బ్యారేజి యొద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము నమోదు కాగా, ఆ దినములలోనే బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలను ముంచినది. లక్షల జనము అన్నపానములకు అలమటించిరి. బుడమేరు వరదను కృష్ణకు మళ్ళించు కాలువయు, పోలవరము కుడి కాలువ యొక్క చివరి భాగమును ఒకే దారి. కృష్ణ నిండుగా నుండి ఆ దారిన నీరు దిగలేదు; గట్లకు గండ్లు పడినవి. ఆ వరదకు ఏరు ఆక్రమణలు, అతివృష్టి, నిర్వహణలోని లోపములు అన్నియు కారణములే. అయినను, పడమటి నుండి కొల్లేటికి పారు వాగులన్నిటికిని అడ్డముగా సాగిన పొడవైన కాలువ ఆ సీమ నీటి నడకను ఎట్లు మార్చినదో ఒక్కసారి సమగ్రముగా పరీక్షింపక, అదే కాలువను ఇంకను వెడల్పు చేయుట వివేకము కాదు. కొల్లేరు రెండు డెల్టాల నడుమ వరదనీటిని తనలో ఇముడ్చుకొని ఉప్పుటేరు గుండ మెల్లగా సముద్రమునకు పంపు సరస్సు; దానిని 1999లో అభయారణ్యముగా ప్రకటించితిమి, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా ప్రపంచమునకు చాటితిమి. ఆ సరస్సునకు చేరు వాగులలో ఏ నెల ఎంత నీరు, ఎంత బురద, ఎంత మురుగు దిగుచున్నదో మళ్ళింపు పత్రములలో ముఖ్యాంశము కావలసియున్నది.

వరద దినములలో పట్టి కరవు దినములలో ఇచ్చుటకు జలాశయము కావలెను. జలాశయమునకు లోయ కావలెను. ఆ లోయలో మనుష్యులు కలరు.

పోలవరము ఆలోచన 1941లో మద్రాసు రాష్ట్రపు చీఫ్ ఇంజనీరు వెంకటకృష్ణ అయ్యరు గారి రామపాదసాగరము నాటిది. ఇప్పటి రూపమున దాని పూర్తి నీటిమట్టము 150 అడుగులు, అనగా 45.72 మీటర్లు, నిలువ సామర్థ్యము 194.6 టి.ఎం.సి.లు. 2014లో రాష్ట్ర విభజన చట్టము దీనిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. ముంపు మండలములను ఖమ్మము జిల్లా నుండి తీసి ఆంధ్రప్రదేశమున కలిపిరి. చింతూరు, కూనవరము, వి.ఆర్. పురము, కుక్కునూరు, వేలేరుపాడు ప్రజలు ఆ విధముగా, తమ ఊరు కదలక మునుపే తమ రాష్ట్రము మారుట చూచిరి. ప్రభుత్వ గణనము ప్రకారమే లక్షకు పైగా కుటుంబములు తరలవలసియున్నవి. వారిలో కోయలును, కొండరెడ్లును పెద్ద భాగము. పాపికొండల నడుమ ఏరు మలుపు తిరిగిన ప్రతి చోట గుప్పెడు ఇండ్లు కట్టుకొని, ఇసుక మేటలపై పొగాకు, మిరప, కొండవాలున జొన్న, సామ పండించుకొని, వెదురు, చింతపండు, కరక్కాయ, తునికాకు, ఇప్పపువ్వు, అడ్డాకు ఏరి వారపు సంతలో అమ్ముకొనిన జీవనమునకు పరిహారపు పట్టికలో గడి యేదియు లేదు. పట్టా గల భూమికి ధర కలదు. ఇంటికి ధర కలదు. చెట్టుకు సైతము ధర కట్టుదురు. అడవిలో ఏరుకొను హక్కునకు, ఏటిలో వల వేయు హక్కునకు, గ్రామదేవత నెలకొన్న తోపునకు ధర కట్టెడు విధానము ఏ శాఖలోను నేర్పరు. చింతపండు, ఇప్పపువ్వు అమ్మిన సొమ్ము సంతలో స్త్రీల చేతికి వచ్చును. పునరావాసపు సొమ్ము బ్యాంకు ఖాతాలో కుటుంబ యజమాని పేర పడును. ఊరు మారుటతో ఇంటిలోని బలాబలములు కూడ మారుచున్నవనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా?

పునరావాస కాలనీలలో వరుసగా కట్టిన ఇండ్లు చూచుటకు చక్కగా నుండును. అచ్చట పశువుల మేతకు బీడు లేదు, వంటచెరకునకు అడవి లేదు. భూమికి భూమి ఇచ్చిన చోట్ల అది ఇదివరకే వేరొకరి సాగులో నుండి తగవులు పుట్టిన సందర్భములు కలవు. దశలవారీ విధానము వలన బాధ ఇనుమడించినది. తొలి దశలో 41.15 మీటర్ల మట్టము వరకు గల కుటుంబములకే పునరావాసమనియు, తక్కినవారికి తరువాత ననియు నిర్ణయించిరి. 2022 జూలైలో భద్రాచలము యొద్ద గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు, ఆ గీత దాటిన ఊళ్ళును మునిగినవి. ఆ ముంపులో ఆనకట్ట వెనుకటి నీటి భాగమెంతయో రాష్ట్రములు ఇప్పటికిని వాదించుకొనుచున్నవి. గుట్టలపై టార్పాలిను క్రింద వారముల తరబడి గడపిన కుటుంబమునకు ఆ వాదము ఎటు తేలినను ఆనాటి ఆకలి తీరదు. అటవీహక్కుల చట్టము 2006లోను, భూసేకరణ చట్టము 2013లోను వచ్చినవి. షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభలను సంప్రదింపవలెనని 1996 నుండి చట్టమున కలదు. చట్టము కొరవడి గిరిజనులు నష్టపోవుట లేదు. పని ముందు, చట్టము తరువాత నడచుట వలన నష్టపోవుచున్నారు.

ఇట్లగునని మనము ముందుగా తెలిసికొనియుండవలసినది. 1981లో శ్రీశైల జలాశయము క్రింద సుమారు నూరు గ్రామములు మునిగినప్పుడు, గడువు దాటినను కదలని ఊళ్ళను బలవంతముగా ఖాళీ చేయించిరి. నిర్వాసిత కుటుంబములకు ఇంటికొక ఉద్యోగ మిచ్చుటకు 1986లో 98వ నెంబరు ఉత్తర్వు వెలువడినది. దాని అమలు కొరకు ఆ కుటుంబముల బిడ్డలు తరము మారిన పిమ్మట సైతము కలెక్టరు కార్యాలయముల ముందు కూర్చుండుట చూచుచున్నాము. ఆ జలాశయపు నీరు మద్రాసు దాహము తీర్చినది, నంద్యాల, కడప పొలములు తడిపినది. మునిగిన ఊరివాడు మాత్రము ఆ లాభములో వాటాదారుగా ఏ కాగితమునను లేడు.

నది కొసకు వత్తము. సముద్రమునకు చేరిన నీరు వృథా యను భావము మన జలవిధానమున వేరు తన్నినది. కోనసీమ యంతయు గోదావరి వరద మోసికొనివచ్చి పేర్చిన ఒండ్రుమట్టియే. కోరంగి మడ అడవులు తీపినీరు, ఉప్పునీరు కలియు చోటనే నిలువగలవు. రొయ్యపిల్లకును పీతపిల్లకును అవి పుట్టినిల్లు. తుపాను కెరటమునకు అవి తొలి అడ్డు. ఎర్రనీరు సముద్రమున కలియగానే ఆ జాడ పట్టి పులస ఎదురీది వచ్చును. ఆ రెండు నెలల వేటపై యానాము నుండి ధవళేశ్వరము వరకు ఎన్నో మత్స్యకార కుటుంబముల ఏటి లెక్క ఆధారపడియున్నది. ఈ పనులన్నియు నది తన వరదతోనే చేయుచున్నది. అదే వరదను మనము మిగులనుచున్నాము.

వరద తగ్గినచో ఏమగునో ఊహింపనక్కరలేదు; కృష్ణను చూచిన చాలును. 1960 దశకాంతమున ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును సముద్ర ముఖమునకు చేర్చిన కృష్ణ, 2000 తరువాతి సంవత్సరములలో 4 లక్షల టన్నులకు పడిపోయినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. తక్కినదంతయు జలాశయముల అడుగున పేరుకొనియున్నది. 2002 మొదలు 2004 వరకు వచ్చిన కరవు సంవత్సరములలో కృష్ణ నుండి సముద్రమునకు చేరిన నీరు దాదాపు శూన్యము. మట్టి రాని డెల్టాను కెరటము కోయును. నీరు రాని డెల్టాలోనికి ఉప్పు లోపలికి నడచును. దివిసీమలో బోరునీరు ఉప్పనగుట, వరిమడులు రొయ్యల చెరువులగుట, ఆ చెరువుల ఉప్పు ప్రక్క మడికి దిగుట, ఆ మడి కూడ చెరువగుట ఒకదాని వెంట నొకటి జరిగిన పరిణామములు. కృష్ణ కొసన జరిగినదానికి మందుగా గోదావరి నీరు తెచ్చి, అదే వ్యాధిని అంతర్వేది వరకు, కోరంగి వరకు పంపుట ఎట్టి వైద్యము?

ఎత్తిన నీరు నేలను మాత్రమే తడుపునని తలచితిమి. బొంబాయి ఐ.ఐ.టి., పూనా వాతావరణ సంస్థల శాస్త్రజ్ఞులు 2023లో ప్రకటించిన పరిశోధన వేరొక సంగతి చెప్పినది: ఒక పరీవాహపు నేలలోని తేమ మరియొక పరీవాహపు వానతో ముడిపడియున్నదనియు, నదుల సంధానము వలన సేద్యపు విస్తీర్ణము పెరిగి గాలిలోని తేమ మారుటచే, ఆంధ్రప్రదేశము, ఒడిశా మొదలగు ప్రాంతములలో సెప్టెంబరు వానలు 12 శాతము వరకు తగ్గవచ్చుననియు. ఇది నమూనాల లెక్కయే. తుది మాట కాదు. కాని సెప్టెంబరు వానలే చెరువులకు ప్రాణమైన సీమలో ఈ సంగతిని పట్టించుకొనక పోలవరము–బనకచర్ల వంటి మళ్ళింపునకు 80 వేల కోట్లు వెచ్చించుట సాహసము. అమెరికాలో లాస్ ఏంజలెస్ నగరము 1913లో ఓవెన్స్ లోయ నీటిని కాలువ ద్వారా తెచ్చుకొనగా, అచ్చటి సరస్సు పదునైదేండ్ల లోపల ఎండి, దాని అడుగు నుండి లేచిన దుమ్ము ఆ లోయ ప్రజల ఊపిరితిత్తులను పట్టినది. ఆ దుమ్మును అణచుటకు 2001 నుండి నగరమువారు ఎండిన సరస్సుపై నీరు చల్లుచు రెండు వందల కోట్ల డాలర్లకు పైగా వెచ్చించిరి. నగరమున పుట్టిన మనుమలు తాతల కాలువకు చెల్లించిన మూల్యమది.

ఇంతమాత్రమున రాయలసీమ దాహము కల్పితమని అనువాడు ఆ సీమ ముఖము చూడనివాడు. అనంతపురమున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు వేళకు రాదు. హంద్రీ–నీవా ద్వారా కృష్ణ నీరు చెరువులకు చేరిన ఊళ్ళలో బావులు ఊరినవి, వలసలు తగ్గినవి. ఆ మేలును కాదనరాదు. నేను అడుగునది వేరు. తుంగభద్ర జలాశయము 1953లో నిండినప్పుడు 132 టి.ఎం.సి.లు పట్టెడిది, పూడిక వలన నేడు 105కు తగ్గినది. రాయలసీమకు దక్కవలసిన నీటిలో ఒక మంచి భాగము అచ్చట బురద క్రింద పోయినది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను వివరించినది. అట్టి విద్య పుట్టిన సీమలో చెరువుల తూములు శిథిలమై, వంకలు ఆక్రమణల పాలై, కట్టలపై తుమ్మచెట్లు మొలచియున్నవి. గోదావరి నుండి నల్లమల దాటి నీరు వచ్చినను నిలువవలసినది ఆ చెరువులలోనే గదా! దూరపు నీరు తెచ్చుటకు టెండరు పిలుచు ఉత్సాహములో పదవ వంతు దగ్గరి నీరు నిలుపుటలో చూపినచో, కావలసిన మళ్ళింపు ఎంతయో అప్పుడు నిజాయితీగా తేలును.

తెచ్చిన నీరు కొత్త హక్కులను పుట్టించును. అవి కొత్త తగవులను పుట్టించును. 1978 ఆగస్టు నాటి ఒప్పందము ప్రకారము గోదావరి నుండి కృష్ణకు మళ్ళు 80 టి.ఎం.సి.లకు బదులుగా, నాగార్జునసాగరమునకు ఎగువన 45 టి.ఎం.సి.లు ఆంధ్రప్రదేశమునకును, 35 టి.ఎం.సి.లు కర్ణాటక, మహారాష్ట్రములకును చెందవలెను. అనగా దిగువన చేరిన నీటికి ఎగువన చీలిక పడినది. ఆ 45లో ఎవరి వాటా ఎంత యని రెండు తెలుగు రాష్ట్రములు నేడు ట్రిబ్యునలు ముందు వాదించుచున్నవి. మద్రాసు తాగునీటికై మూడు రాష్ట్రములు తలా 5 టి.ఎం.సి.లు ఇచ్చుటతో మొదలైన తెలుగుగంగ, 1983 నాటి ఒప్పందముతో సాగునీటి కాలువగా కూడ పెరిగి, 1996లో పూండి చేరినది. దానికి నీరు వదలు పోతిరెడ్డిపాడు తలుపుల వెడల్పుపై వివాదము అప్పటి నుండి ఆరలేదు. మూసీ ఒడ్డున, కృష్ణా పరీవాహమున నున్న హైదరాబాదు మంజీర నుండియు, ఎల్లంపల్లి నుండియు గోదావరి నీరు త్రాగి, తన మురుగును కృష్ణకు వదలుచున్నది. ఈ మళ్ళింపునకు పేరు గాని, బాధ్యత వహించువారు గాని లేరు. 2024 చివర వెలువడిన పోలవరము–బనకచర్ల ప్రతిపాదనను 2025 జూన్‌లో కేంద్ర నిపుణుల సంఘము తిప్పి పంపినది. మార్గము మార్చి మరల యత్నించుచున్నారు. మార్గము ఏదైనను, 1980 నాటి గోదావరి తీర్పుతో అది పొసగునా యను ప్రశ్న వెంట వచ్చుచునే యుండును.

ఈ ఒప్పందములన్నిటి యందును సంతకములు ప్రభుత్వములవి. 1978లో గాని, 1980లో గాని, 1983లో గాని కొండరెడ్డిని అడిగినవారు లేరు, కోరంగి మత్స్యకారుని అడిగినవారు లేరు. 2014 చట్టముతో ఏర్పడిన గోదావరి, కృష్ణా బోర్డులలోను ఉభయ రాష్ట్రముల అధికారులు, కేంద్రపు ఇంజనీర్లు కూర్చుందురు; ముంపు మండలము నుండి గాని, డెల్టా కొస నుండి గాని ఒక్క సభ్యుడు లేడు. ఇచ్చు నది పక్షమున మాటలాడువాడు లేని సభలో ఆ నది ఎంత ఈయగలదో నిర్ణయించుట జరుగుచున్నది. ఇది మారవలెను. 45.72 మీటర్ల వరకు గల కుటుంబములన్నిటికి పునరావాసము ముగియక మునుపు ఆ మట్టమునకు నీరు నింపరాదని న్యాయస్థానమున నిలువగల షరతు వ్రాయవలెను. ధవళేశ్వరము దిగువన నెల నెలకు విడువవలసిన కనీస ప్రవాహమును, డెల్టా సాగు అవసరముతో కలపక, వేరుగా నిర్ణయించి, అది తీరిన పిమ్మటనే పంపులు తిరుగవలెనని నియమింపవలెను. కొత్త ప్రతిపాదన యేదైనను దాని సమగ్ర నివేదిక అనుమతుల కొరకు ఢిల్లీకి పోక మునుపు, తెలుగున ముద్రింపబడి, నెలవారీ ప్రవాహముల పట్టికతో సహా, చింతూరు, కూనవరము గ్రామసభలలో కోయ భాషలో చదివి వినిపింపబడి, వారి సమ్మతియో అసమ్మతియో మొదటి పుటలో నమోదు కావలెను.